అమ్మ అనని మాటలు

"మీ ఇంటి కంప్యూటరు పాతబడింది. ఇకపై దీనికి మా సహాయం ఉండదు."

తెర మీద ఆ నీలం అక్షరాలు మొదటిసారి కనబడినప్పుడు నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళుగా మా ముందుగదిలో బల్ల మీద కూర్చుని, ఒక్కరోజు కూడా మొరాయించకుండా మా అమ్మకు నోరై పనిచేసిన పెట్టె అది. అది పాతబడిందట! నేను కంప్యూటర్లు బాగుచేసి బతికేదాన్ని. ఏది పాతబడిందో, ఏది పాతబడేలా చేశారో ఒకరు నాకు చెప్పక్కర్లేదు. అయినా చివరికి వాళ్ళు చెప్పినట్టే చేశాను చూడండి, అదీ నా తెలివి.

మా అమ్మ పేరు దేవుడమ్మ. విశాఖ పెదజాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ముప్పయ్యేళ్ళు చేపలమ్మింది. పేటలో ఆవిడ ఈడు ఆడవాళ్ళు చాలామందిలాగే అడ్డచుట్ట కాల్చేది. అంటే నిప్పున్న కొస నోటి లోపల, కాలని కొస బయట. సముద్రపు గాలికి ఆరకుండా, తట్ట పట్టుకున్న చేతులు తీయక్కర్లేకుండా కాల్చుకునే పద్ధతి అది. ఆ నిప్పు ముందు అంగిలిని తిన్నది, తర్వాత నాలుకను తిన్నది. డాక్టర్లు రెండూ తీసేశారు. సందు మొదట్లో కేకేస్తే మూడు వీధుల వాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. అలాంటి మనిషికి 'ఊ', 'ఆ' తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పుడు తెచ్చాం సుభాషిణిని. మెడకు ఒక పట్టీ కట్టుకోవాలి. నాలుక లేకపోయినా మనిషి మాట అనబోతే గొంతు కండరాలు కదులుతాయి. మనిషి ఎక్కడున్నా పట్టీ ఆ కదలికలను నెట్ ద్వారా ఇంట్లో కంప్యూటరుకు పంపుతుంది, అది వాటిని మాటలుగా మార్చి పట్టీకున్న చిన్న స్పీకరులోంచి పలుకుతుంది. మాది సుభాషిణి రెండు. అదేమీ ఊరికే మాట్లాడలేదు. మూడు నెలలు రోజూ పొద్దున్నే అమ్మకు ఎదురుగా కూర్చున్నాను. అమ్మ గొంతు కదిపేది, పెట్టె ఏదో ఒక మాట అనేది, అమ్మ కాదని తల ఊపేది, నేను 'తప్పు' అని నొక్కేదాన్ని. 'చేప' అనిపించడానికి నాలుగు రోజులు పట్టింది. 'నీ జిమ్మడ' అన్న తిట్టు మాత్రం మొదటి పూటే వచ్చేసింది.

మూడు నెలలకు మా అమ్మ మా అమ్మలాగే మాట్లాడింది. గొంతు యంత్రానిదే, కాస్త గరగరగా ఉండేది. మాట మాత్రం ఆవిడది. తెలియని మాట వస్తే పెట్టె ఆగిపోయి "అర్థం కాలేదు" అనేది. అలా ఒప్పుకోవడం ఎంత గొప్ప గుణమో నాకప్పుడు తెలియదు.

ఒకసారి జనాభా లెక్కల పిల్ల వచ్చి భర్త పేరు అడిగింది. మా అమ్మ పెళ్ళయిన నాటి నుంచి మా నాన్న పేరు నోట పలకలేదు. నాలుక ఉన్నప్పుడూ పలకలేదు, నాన్న వేటకెళ్ళి తిరిగి రాకపోయాక కూడా పలకలేదు. రేషను షాపులోనైనా, ఓటు వేసే చోటైనా పక్కనున్న వాళ్ళను మోచేత్తో పొడిచి వాళ్ళచేత చెప్పించేది. ఆ రోజు నేను కావాలనే వంటింట్లోంచి రాలేదు. పెట్టె గరగరమంటూ అంది: "సింహాద్రి మీదున్నాడు సూడు, ఆ సామి పేరు. ఎనకాల కొండ తగిలించుకో." ఆ పిల్ల 'అప్పలకొండ' అని రాసుకునేసరికి పావుగంట పట్టింది. నేను వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఇదంతా మా తమ్ముడు తాతారావుకు నామోషీ. వాడు ఒక షిప్పింగు కంపెనీలో పనిచేస్తాడు, పక్క వాటాలోనే ఉంటాడు. ఒక ఆదివారం వాళ్ళ మేనేజరును భోజనానికి పిలిచాడు. ఆయన ఆబగా తింటుంటే అమ్మ ఊరుకోలేదు. ఈడి తిండి చూస్తే ముల్లుతో సహా మింగేసేలా ఉన్నాడు, నీళ్ళు దగ్గర పెట్టండని పెట్టె ద్వారా అందరికీ వినబడేలా చెప్పింది. తాతారావు ఆ రోజు నుంచీ కొత్త సుభాషిణి గురించి నా ప్రాణం తీశాడు. ఏడో రకం వచ్చిందట, చక్కగా మాట్లాడుతుందట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అప్పా అని నాకు సామెతలు చెప్పాడు. ఇంతలో తెర మీద ఆ నీలం అక్షరాలు రానే వచ్చాయి.

నేనూ మెత్తబడ్డానంటే దానికి ఇంకో కారణం ఉంది. ఆ వారమే అమ్మ గొంతులో చేపముల్లు దిగినట్టుందని రెండుసార్లు అంది. నెలన్నరలో ఆసుపత్రిలో మామూలు పరీక్ష ఎలాగూ ఉంది. కొత్తదైతే అమ్మ నొప్పిని డాక్టరుకు ఇంకా వివరంగా చెబుతుందని నా ఆశ.

ఒక ఆదివారం పొద్దున్న పని మొదలుపెట్టాను. పాత పెట్టెకు కొత్త సరుకు ఎక్కించడం ఎలా ఉంటుందో ఈ పని చేసేవాళ్ళకే తెలుసు. ముందు మెమరీ చాలదంది. నా దుకాణం నుంచి తెచ్చి పెట్టాను. తర్వాత డిస్కులో చోటు లేదంది, అమ్మ తొమ్మిదేళ్ళ మాటలే సగం నిండాయి మరి. కొత్త డిస్కు బిగించి, పాతదాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి, తేదీ రాసి బీరువా అడుగున పెట్టాను. ఎవరి పాత డిస్కూ చెరపకూడదని మాకు పని నేర్పినాయన పెట్టిన నియమం అది. పాడైనదని సొంతదారులే వదిలేసినా కనీసం ఏడాది దాచాలనేవాడు.

నడుమ తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "పలుకులను మెరుగుపరచమంటారా?" 'అవును' అనేది అరచేయంత ఉంది, 'వద్దు' అనేది చీమంత ఉంది. చదవకుండా దేన్నీ నొక్కొద్దని రోజుకు పదిమందికి చెప్పే నేను చదవకుండా నొక్కాను. అరవై ఒకటి శాతం దగ్గర గంటసేపు నిలబడిపోయింది. లోపల ఫ్యాను రొప్పుతోంది. నేను విసనకర్ర తెచ్చి విసిరాను. అమ్మ నా అవస్థ చూసి భుజాలు కదిలేలా నవ్వింది.

మధ్యాహ్నానికి పని అయింది. పట్టీలో కూడా కొత్త సరుకు ఎక్కించి అమ్మ మెడకు కట్టాను. ఆవిడ గొంతు కదిలింది. గరగర లేదు. ఏదో వార్తలు చదివే ఆవిడలా, తేనె పూసినట్టు, స్పీకరు పలికింది.

"ఎంత కష్టపడ్డావమ్మా నూకరత్నం. నువ్వు నా బంగారు తల్లివి."

నాకు నలభై ఆరేళ్ళు. మా అమ్మ నన్ను ఒక్కసారి కూడా అలా అనలేదు. ప్రేమ ఎక్కువైతే "తిన్నావేటే దరిద్రపుదానా" అనేది. నేను ఏడ్చాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు నచ్చింది. అసలు రోత అక్కడే ఉంది. పెట్టెను తిట్టడం తేలిక. అమ్మ మొహంలో నవ్వు లేదని చూస్తూ కూడా ఆ మాటను ముద్దు చేసుకున్నది నేను.

మర్నాడు ముల్లు సంగతి అడిగాను. "ఇప్పుడు బాగుందమ్మా, నువ్వు దిగులుపడకు" అంది పెట్టె. నేను దిగులుపడడం మానేశాను.

ఇరుగుపొరుగు వచ్చి విని ముచ్చటపడ్డారు. తాతారావు మేనేజరును మళ్ళీ పిలిచాడు. "మీరు రావడం మా భాగ్యం" అంది పెట్టె. తాతారావు మొహం చాటంత అయింది. ఆ పూట అమ్మ కంచం దగ్గర్నుంచి మధ్యలోనే లేచి వెళ్ళిపోయింది. "కాస్త నిద్ర వస్తోంది, ఏమీ అనుకోకండి" అని వెళుతున్న మెడలోంచి వినబడింది.

అమ్మ పట్టీ పీకేసేది, నేను మళ్ళీ కట్టేదాన్ని. మొదట్లో చికాకుగా ఉంటుంది, తీయనివ్వకండి అని కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు. ఒకరోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద అదుముకుంది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఏమైందని అడిగితే, "పట్టీ బిగుతుగా ఉందమ్మా, కాస్త వదులు చెయ్యి" అంది పెట్టె. వదులు చేశాను. మర్నాడు మళ్ళీ చెయ్యి లాగితే ఇంకో రంధ్రం వదులు చేశాను. మూడోసారి కూడా వదులు చేస్తుంటే అమ్మ నా వైపు చూసిన చూపును ఎప్పటికీ మరచిపోలేను. ఆ తర్వాత ఆవిడ నా చెయ్యి లాగలేదు.

నలభై మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టర్ హైమవతి నెమ్మదస్తురాలు, అమ్మను తొమ్మిదేళ్ళుగా చూస్తున్న మనిషి. నొప్పి ఉందా అని అడిగింది. "పర్వాలేదండీ, అప్పుడప్పుడు కొంచెం అసౌకర్యం, అంతే" అని స్పీకరు తియ్యగా పలికింది. మింగడం కష్టంగా ఉందా అంటే, "లేదండీ, అమ్మాయి బాగా చూసుకుంటోంది" అంది. డాక్టరు పైపైన చూసి, మూడు నెలల తర్వాత రమ్మని రాసింది. పక్కనున్న నర్సు కొత్త కాగితం తీసి వివరాలు రాసుకోవడం మొదలుపెట్టింది. పేరు, వయసు, ఊరు అయ్యాయి. భర్త పేరు అడిగింది.

"మా వారు అప్పలకొండ గారండీ."

అమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చెవుల దాకా ఎర్రబడిపోయింది. తప్పు పని చేస్తూ దొరికిన చిన్నపిల్లలా కుర్చీలో ముడుచుకుపోయి, నన్ను చూసి తల అడ్డంగా ఊపింది, ఆపకుండా ఊపింది. పెట్టె మాత్రం ఆగలేదు. "చాలా మంచి మనిషండీ, మా అప్పలకొండ గారు" అంది.

మా అమ్మ ఆ పేరు అనదు. పీక మీద కత్తి పెట్టినా అనదు. అయితే ఈ మాటన్నది ఎవరు? ఈ మాట ఆవిడది కాకపోతే 'పర్వాలేదండీ' ఎవరిది? 'బంగారు తల్లి' ఎవరిది?

పట్టీని తెంపినంత పని చేసి లాగేశాను. అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నొప్పుందా అమ్మా అని అడిగాను. అవునంది తలతో. బాగా ఉందా అంటే నా చెయ్యి తీసుకుని గొంతు మీద పెట్టుకుంది. పట్టీ కింద, నేను మూడుసార్లు వదులు చేసిన చోటే, చింతగింజంత గడ్డ తగిలింది.

డాక్టరు నా మొహం చూసి తనూ ఆ గడ్డను తడిమి పరీక్షలు మొదలుపెట్టింది.

ఇంటికొచ్చి పాత డిస్కు తీశాను. న్యూస్‌పేపరు విప్పి దాన్ని పెట్టెలో బిగించాను. పాత సుభాషిణి రెండును మళ్ళీ ఎక్కించాను. తర్వాత ఒక పని చేశాను. కొత్తది నలభై మూడు రోజుల గొంతు కదలికలనూ తారీఖుల వారీగా దాచుకుంది, ఇంకా తెలివి పెంచుకోవడానికట. ఆ కదలికలన్నీ తీసి పాతదానికి ఇచ్చాను. అమ్మ నిజంగా ఏమందో అది చెబుతుంది. తాతారావును పిలిచి పక్కన కూర్చోబెట్టాను. అమ్మ వాకిట్లో నీడన పడుకుని ఉంది. పగలు రెండు గంటల వేళ, బయట ఎండ కాల్చేస్తోంది.

గరగరమని అమ్మ మాట వచ్చింది. మొదటి రోజు, 'బంగారు తల్లి' దగ్గర, అమ్మ అన్నది ఇది: "పాతదే బాగున్నాది. తిన్నావేటే దరిద్రపుదానా, పొద్దుట్నించీ."

రెండో రోజు: "ముల్లు తగ్గలేదు. ఓలే, అది నాను కాదే. నానలాగ అన్లేదు."

మేనేజరు వచ్చిన పూట అన్న మాట నేనిక్కడ రాయను. తాతారావు తల దించుకున్నాడు.

"పట్టీ కాదే నూకా. గొంతుక సూడు. గొంతుక." తర్వాత ఇంకోసారి అదే. "నీ సేతులిరిగిపోను, మల్లీ కట్టీసినావు." ఇరవై ఎనిమిదో రోజున: "లోపల పీత పట్టీసినాది. ఇనబళ్ళేదేటే నీకు? నీకూ ఇనబళ్ళేదేటి?"

తాతారావు లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వాడు వాంతి చేసుకోవడం వినబడింది. నేను కదల్లేదు.

ముప్పై ఎనిమిదో రోజు నుంచి పెట్టె ఏమీ పలకలేదు. చెడిపోయిందేమోనని సరిచూశాను, చెడిపోలేదు. ఆ రోజు నుంచి కదలికలే లేవు. అమ్మ మాట్లాడ్డం మానేసింది. విసిగిపోయి, చెప్పి లాభం లేదనుకుని, ఆరు రోజులు గొంతు కదపలేదు. ఆ ఆరు రోజులూ అమ్మ నాతో ఎంత మాట్లాడిందో నాకు బాగా గుర్తు. అన్నం తిన్నావా అంది, వాన వచ్చేలా ఉంది బట్టలు తియ్యమ్మా అంది, నీలాంటి కూతురు ఎవరికుంటుందంది. మొన్న సాయంత్రం ఆ మాట విని నేను ఆవిడ కాళ్ళు ఒత్తాను కూడా. ఛీ, నా బతుకు! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఉన్న నాలుక ఎలాగూ పోయింది, మిగిలిన ఆ కాస్త మాటను కూడా నా చేత్తోనే ఊడబీకాను.

కంపెనీకి ఫోను చేశాను. అవతల గొంతు కూడా తేనె పూసినట్టే ఉంది, మనిషో పెట్టో నాకు తెలియలేదు. కదలికలు సరిగా అందనప్పుడు పెద్దవాళ్ళు ఆ సందర్భంలో మామూలుగా ఏమంటారో ఊహించి సుభాషిణి పూరిస్తుందట. కటువైన మాటలను మృదువుగా మారుస్తుందట. వాడుతున్న కుటుంబాల్లో నూటికి తొంభై నాలుగు తృప్తిగా ఉన్నాయట. కుటుంబాల సంగతి సరే, మెడకు కట్టుకున్న వాళ్ళను అడిగారా అన్నాను. వాళ్ళు కూడా చాలా తృప్తిగా ఉన్నామనే చెబుతున్నారండీ అంది. ఫోను పెట్టేసి చేతులు కడుక్కున్నాను.

పరీక్షల ఫలితాలు వచ్చాయి. జబ్బు తిరగబెట్టి గొంతులోకి దిగింది. నెలన్నర ముందు వచ్చి ఉంటే గడ్డ వరకే తీసేవాళ్ళమని డాక్టర్ హైమవతి దాచకుండా చెప్పింది. ఇప్పుడు గొంతుపెట్టె, చుట్టూ ఉన్న కండరాలు మొత్తం తీసేయాలి. ప్రాణం నిలుస్తుంది. ఇక పట్టీకి అందే కదలిక ఏదీ ఉండదు. అప్పుడా మంచి మనిషి, నన్ను ఓదార్చాలని, ఒక మాట అంది. ఏడో రకానికి కదలికలతో అంత పని లేదు కదా, ఆపరేషను తర్వాత దాన్నే ఉంచుకోండి, ఇంట్లో అమ్మ మాట వినబడుతూనే ఉంటుంది అంది.

అమ్మ మెడకు పాత పట్టీ ఉంది. ఎప్పుడో తెగిపోతే తన చుట్టల డబ్బాలో దాచుకుంది, దానికి నా జాకెట్టు గుడ్డతో ముడి వేశాను. డాక్టరు మాట విని అమ్మ ఆ ముడిని సరిచేసుకుంది. తర్వాత పాత పెట్టె తడబడుతూ, మధ్యలో ఒకసారి "అర్థం కాలేదు" అని ఆగి, మళ్ళీ మొదలుపెట్టి పలికింది.

"కోసీమను. నాను బతుకుతాను. గానీ ఇనుకో నూకా. నాను నోరిప్పనప్పుడు నా పేరెట్టుకుని ఏదీ మాటాడకూడదు."

అలాగే అమ్మా అన్నాను. నన్ను క్షమించమని కూడా అడిగాను. దానికి ఆవిడ నా వైపు తిరిగి, "ఏడవకు. ముక్కు సీదుకో" అంది. ఆపరేషనుకు ముందు నాకు మిగిలిన మాటలు ఇవే. బంగారం, తల్లీ లాంటివి వాటిలో లేవు.

ఇప్పుడు మూడు నెలలైంది. అమ్మ తేరుకుంది. ఏదైనా కావాలంటే గరిటెతో గిన్నె మీద కొడుతుంది. ఒక దెబ్బకు గంజి, రెండు దెబ్బలకు నేను, ఎడాపెడా దెబ్బలకు తాతారావు. వాడిప్పుడు ఆ చప్పుడుకు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొస్తున్నాడు. కొత్త డిస్కును సుత్తితో కొట్టి పారేశాను. ఎవరి డిస్కూ చెరపకూడదన్న నియమాన్ని జీవితంలో తప్పింది ఆ ఒక్కసారే. పాత పెట్టెను దుకాణం పనికి వాడుకుంటున్నాను.

నిన్న నా పుట్టినరోజు. పొద్దున నేను బల్ల దగ్గర ఎవరిదో పాడైన కీబోర్డు విప్పుతున్నాను, అమ్మ పక్కన కింద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. తెర మీద నీలం అక్షరాలు వచ్చాయి. పాతబడిందని సహాయం మానేసినవాళ్ళకు సందేశం పంపడానికి మాత్రం దారి దొరికింది.

"మీ అమ్మగారి నుంచి మీకొక సందేశం."

నేను ఆపేలోపే తేనె పూసిన గొంతు గదంతా నిండింది. "నూకరత్నం, నా బంగారు తల్లీ, పుట్టినరోజు శుభాకాంక్షలు. నేను చాలా బాగున్నానమ్మా."

అమ్మ రొయ్యల పళ్ళెం పక్కన పెట్టింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచింది. తెరకు ఎదురుగా నిలబడి, ఆ అక్షరాలను ఎగాదిగా చూసింది. నాలుక లేని నోటితో ఉమ్మడం తేలిక కాదు. బుగ్గలు బిగించి, రెండు మూడుసార్లు ప్రయత్నించి, చివరికి ఆ తెర నడిమధ్యన ఉమ్మింది. మళ్ళీ వెళ్ళి రొయ్యల దగ్గర కూర్చుంది.

నేను దాన్ని తుడవలేదు.